మీటరు మూలన ఉన్న ఆ 20,000 సంగతి

ముల్లు మల్టీమీటరు కొనేటప్పుడు అందరూ చూసేది రేంజీలు ఎన్ని ఉన్నాయి, డబ్బా గట్టిగా ఉందా, వైర్లు బాగున్నాయా అనే. డయల్ కింది మూలన చిన్న అక్షరాల్లో డీసీ 20 కిలో ఓమ్/వోల్ట్, ఏసీ 9 కిలో ఓమ్/వోల్ట్ అని ఉండే ముక్కను చదివేవాళ్లు తక్కువ. చదివినా, అంకె పెద్దదైతే మీటరు మంచిదని, రీడింగు కచ్చితంగా ఉంటుందని అనుకుంటారు. ఈ రెండింటిలో మొదటిది సగమే నిజం, రెండోది అసలు నిజం కాదు.

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు ఏ మోటారు వైండింగ్ షాపుకు వెళ్లినా ముల్లు మీటరు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. పక్కనే డిజిటల్ మీటరు కూడా ఉంటుంది. రెండూ ఒకే వైరు మీద రెండు వేరు వేరు రీడింగులు చూపించినప్పుడు ఏది నమ్మాలన్న పంచాయితీ మొదలవుతుంది. దాన్ని తేల్చేది ఆ మూలన ఉన్న అంకే. గోదావరి డెల్టాలో పొలం మోటార్లు, రొయ్యల చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు, పొడవాటి కేబుళ్లు, ఉప్పుగాలి అన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి ఇది పరీక్షల్లో రాసి వదిలేసే విషయం కాదు.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది

ముల్లు మీటరు లోపల అయస్కాంతం మధ్య తిరిగే చిన్న కాయిల్ ఉంటుంది. అందులోంచి కరెంటు పారితేనే ముల్లు లేస్తుంది. అంటే వోల్టేజీ చూపించడానికైనా ఆ మీటరు కొలిచే సర్క్యూట్ నుంచి కాస్త కరెంటు తీసుకోక తప్పదు. ముల్లు చివరి గీత దాకా వెళ్లడానికి 50 మైక్రో ఆంపియర్లు కావాలనుకుందాం. 1 వోల్టుకు 50 మైక్రో ఆంపియర్లే పారాలంటే దారిలో 20,000 ఓమ్‌లు ఉండాలి. 20 కిలో ఓమ్/వోల్ట్ అంటే అంతే. ముల్లుకు 1 మిల్లీ ఆంపియర్ కావాలంటే ఆ మీటరు 1,000 ఓమ్/వోల్ట్ మీటరు. 10 మైక్రో ఆంపియర్లు చాలంటే లక్ష ఓమ్/వోల్ట్.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. మీటరు మొత్తం రెసిస్టెన్స్ కావాలంటే ఆ అంకెను రేంజితో గుణించాలి, రీడింగుతో కాదు. 20 కిలో ఓమ్/వోల్ట్ మీటరు 10 వోల్టుల రేంజిలో ఉంటే ముల్లు 2 మీద ఉన్నా, 9 మీద ఉన్నా దాని రెసిస్టెన్స్ 2 లక్షల ఓమ్‌లే. అదే మీటరును 50 వోల్టుల రేంజికి తిప్పితే 10 లక్షలు అవుతుంది. డిజిటల్ మీటరుకు ఈ గొడవ లేదు. మామూలు డిజిటల్ మీటరు వోల్టేజీ రేంజీల్లో దాదాపు 10 మెగా ఓమ్‌ల దగ్గరే ఉంటుంది.

కాబట్టి ఆ అంకె (మీటరు సెన్సిటివిటీ అనేది దీన్నే) చెప్పేది మీటరు గొప్పతనం గురించి కాదు, కొలిచేటప్పుడు అది సర్క్యూట్‌లోంచి ఎంత తీసుకుంటుందన్న దాని గురించి. అది ఎక్కువా తక్కువా అన్నది ఇచ్చేవాడి స్తోమతను బట్టి ఉంటుంది. ప్రధాన కాలువలో బిందె ముంచితే నీటిమట్టం కదలదు. అదే బిందె పంటబోదెలో ముంచితే వెంటనే తెలిసిపోతుంది.

నీటి మట్టాన్ని బట్టి మోటారును ఆపే ఆటోమేటిక్ బోర్డులో ఒక చోట 12 వోల్టులకు అడ్డంగా, ఒక్కోటి లక్ష ఓమ్‌లున్న రెసిస్టర్లు రెండు వరసగా ఉన్నాయనుకుందాం. రెండింటి మధ్య నిజంగా ఉండాల్సింది 6 వోల్టులు. 1,000 ఓమ్/వోల్ట్ మీటరును 10 వోల్టుల రేంజిలో పెట్టి కొలిస్తే ముల్లు 1 వోల్టు దగ్గర ఆగిపోతుంది. మెకానిక్ బోర్డు పోయిందంటాడు. 20 కిలో ఓమ్/వోల్ట్ మీటరైతే అదే రేంజిలో 4.8 చూపిస్తుంది, డిజిటల్ మీటరు 5.97 దాకా వస్తుంది. బోర్డు బాగానే ఉంది, వోల్టేజీని తగ్గించింది మీటరే. తీగలు తీసేయగానే అది మళ్లీ 6 అవుతుంది.

మీటరే పడగొడుతోందని అనుమానం వస్తే తేల్చుకోవడానికి ఇంకో మీటరు అక్కర్లేదు. అదే మీటరును పై రేంజికి తిప్పి చూడాలి. పై ఉదాహరణలో 20 కిలో ఓమ్ మీటరును 50 వోల్టుల రేంజికి తిప్పితే 4.8 కాస్తా 5.71 అవుతుంది. ఒకే చోట రేంజి మార్చగానే వోల్టేజీ పెరిగిందంటే మీటరు భారం పడుతోందన్నమాట. రెండు రీడింగుల నుంచి అసలు వోల్టేజీని లెక్కకట్టొచ్చు కూడా. మొదటిసారి మీటరు తీసుకున్నది 4.8ను 2 లక్షలతో భాగిస్తే 24 మైక్రో ఆంపియర్లు. రెండోసారి 5.7 మైక్రో ఆంపియర్లు. కరెంటు 18.3 మైక్రో ఆంపియర్లు తగ్గితే వోల్టేజీ 0.91 పెరిగింది, అంటే సర్క్యూట్ రెసిస్టెన్స్ 50,000 ఓమ్‌లు. 24 మైక్రో ఆంపియర్లకు అందులో పోయేది 1.2 వోల్టులు. 4.8కి అది కలిపితే 6.

కాగితం మీద ఇది ముచ్చటగా ఉంటుంది కానీ ముల్లు మీద అంత సాఫీగా రాదు. సాధారణ ముల్లు మీటరు కచ్చితత్వాన్ని ఫుల్ స్కేలు మీద చెబుతారు. ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం అంటే 10 వోల్టుల రేంజిలో 0.3 వోల్టు అటూ ఇటూ, 50 వోల్టుల రేంజిలో ఏకంగా 1.5 వోల్టులు. పై రేంజిలో భారం తగ్గుతుంది, కానీ ముల్లు స్కేలు మొదట్లోనే ఉండిపోయి చదవడం కష్టమవుతుంది. అందుకే రేంజి మార్చి చూసేది తేడా ఉందో లేదో పసిగట్టడానికి. దశాంశాల దాకా నమ్ముకోవడానికి కాదు. సెన్సిటివిటీ వేరు, కచ్చితత్వం వేరు అనడానికి ఇదే సాక్ష్యం: లక్ష ఓమ్/వోల్ట్ మీటరు కూడా 3 శాతం తప్పు చూపొచ్చు.

ఏసీకి అంకె ఎందుకు తగ్గుతుంది

కాయిల్‌కు ఏసీ అర్థం కాదు, డయోడ్ పెట్టి ఒకవైపుకు మళ్లించాలి. అప్పుడు ముల్లు వేవ్ సగటును బట్టి లేస్తుంది. సైన్ వేవ్ ఆర్‌ఎంఎస్ (మనం మామూలుగా చెప్పుకునే ఏసీ వోల్టేజీ) 1 వోల్టు అయితే సగం వేవ్ సగటు 0.45 వోల్టే. అంత తక్కువతో ముల్లు చివరిదాకా వెళ్లాలంటే రెసిస్టెన్స్ కూడా అదే నిష్పత్తిలో తగ్గించాలి. 20,000లో 0.45 వంతు 9,000. డయల్ మీద ఏసీ పక్కన ఉండే అంకె ఇలా వచ్చిందే. కొన్ని మీటర్లలో డయోడ్ సరిగ్గా పనిచేయడానికి ఇంకొంచెం కరెంటు పక్కదారి పట్టిస్తారు కాబట్టి ఇంకా తగ్గుతుంది. పేరున్న సింప్సన్ 260 ముల్లు మీటరులో డీసీకి 20,000 ఉంటే ఏసీకి 5,000.

ఇదే కారణంగా కరెంటు పోయినప్పుడు చవక ఇన్వర్టర్ మీద ముల్లు మీటరు అబద్ధం చెబుతుంది. చదరపు వేవ్ ఇచ్చే ఇన్వర్టర్‌లో నిజంగా 230 వోల్టులే ఉన్నా, సైన్ వేవ్‌కు గీతలు గీసిన మీటరు 255 చూపిస్తుంది. ఇన్వర్టర్ ఎక్కువ ఇస్తోందని కంగారు పడాల్సిన పనిలేదు.

మోటారు షెడ్డులో ఈ అంకెతో పనిలేదు

దాళ్వా (రెండో వరి పంట) చివర్లో లోవోల్టేజీ గోల మొదలైనప్పుడు రైతు చూసేది స్టార్టర్ బోర్డు మీద ఉండే 500 వోల్టుల మీటరునే. అది చాలావరకు మూవింగ్ ఐరన్ రకం, అంటే కాయిల్ కదలకుండా ఉండి లోపలి ఇనప ముక్క కదిలేది. సెన్సిటివిటీ లెక్కన చూస్తే దానికి విలువే లేదు. ముల్లు కదలడానికి కొన్ని మిల్లీ ఆంపియర్లు తాగేస్తుంది, వోల్టుకు కొన్ని వందల ఓమ్‌ల కంటే ఉండదు. అయినా ఆ పనికి అదే సరైన మీటరు. లైన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఉన్న రెసిస్టెన్స్ మహా అయితే కొన్ని ఓమ్‌లు. 6 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే తగ్గేది వోల్టులో వందో వంతుల్లోనే. 415 ఉండాల్సింది 360 చూపిస్తే అది నిజంగా 360 దగ్గరే ఉందని అర్థం. అక్కడ 20 కిలో ఓమ్ మీటరు పెట్టినా, డిజిటల్ పెట్టినా కొత్తగా తెలిసేదేమీ లేదు. మూవింగ్ ఐరన్ మీటరుకు స్కేలు మొదట్లో గీతలు ఇరుకుగా ఉంటాయి, అక్కడ చదివితే మాత్రం నమ్మలేం.

అయితే ఆ మీటరును కూడా మోసం చేసేది ఒకటుంది. నడుస్తున్న మోటారుకు ఒక ఫేజు పోతే, మోటారు తిరుగుతూనే ఆ పోయిన ఫేజులో దాదాపు మామూలు వోల్టేజీని తానే పుట్టిస్తుంది. మూడు ఫేజులూ బాగానే ఉన్నాయని ముల్లు చెబుతుంటే వైండింగ్ మాడుతుంటుంది. దీనికీ ఓమ్స్ పర్ వోల్ట్‌కూ సంబంధం లేదు. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో మూడు వైర్లనూ చూడటమే దారి.

చెరువు గట్టు మీద దెయ్యం వోల్టేజీ

ఆ అంకె అసలు రంగు బయటపడేది ఇక్కడే. షెడ్డు నుంచి చెరువులోకి మూడు కోర్ల కేబుల్ వెళ్లింది. ఒక కోర్ (లోపలి వైరు) ఫేజు, ఒకటి న్యూట్రల్, మూడోది నీటి మట్టాన్ని బట్టి పనిచేసే ఫ్లోట్ స్విచ్ కోసం. ఫ్లోట్ స్విచ్ తెరుచుకుని ఉంది, షెడ్డు వైపు చివర ఊడదీసి ఉంది కాబట్టి ఆ మూడో వైరు రెండువైపులా గాలిలో ఉన్నట్టే. డిజిటల్ మీటరు పెడితే 115 వోల్టులు. టెస్టర్ పెడితే నియాన్ మినుకుమినుకుమంటుంది. ఎక్కడో షార్ట్ అయిందని కేబుల్ మొత్తం పీకేవాళ్లు ఉన్నారు.

అక్కడ షార్ట్ ఏమీ లేదు. పక్కపక్కనే నడిచే వైర్ల మధ్య, తగలకపోయినా ఛార్జిని పట్టి ఉంచే గుణం (కెపాసిటెన్స్) ఉంటుంది, దాని గుండా ఏసీ కొద్దిగా జారుతుంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య సమదూరంలో ఉన్న వైరు సగం వోల్టేజీ దగ్గర తేలుతుంది. దీన్నే ఘోస్ట్ వోల్టేజీ అంటారు. ముల్లు మీటరు దీన్ని చూపించదు, డిజిటలే మోసపోతుంది అనే మాట ఎలక్ట్రీషియన్లలో బాగా ప్రచారంలో ఉంది. లెక్క వేసి చూస్తే అది అన్నిచోట్లా నిలబడదు.

కోర్‌కూ కోర్‌కూ మధ్య కెపాసిటెన్స్, కేబుల్ పొడవు ఒక్కో మీటరుకు 100 పికోఫారడ్‌లు అనుకుందాం. ఇంట్లో స్విచ్ బోర్డు నుంచి లైటు దాకా 2 మీటర్లు పక్కపక్కన నడిచిన వైరుకు ఆ దారిలో అడ్డు దాదాపు 80 లక్షల ఓమ్‌లు. అక్కడ డిజిటల్ మీటరు 90 వోల్టులు చూపితే, 250 వోల్టుల రేంజిలో ఉన్న 9 కిలో ఓమ్ ముల్లు మీటరు 31 చూపిస్తుంది. 1,000 ఓమ్/వోల్ట్ పాత మీటరైతే 4 వోల్టులు కూడా దాటదు. ముల్లు మీటరు మోసపోదన్న నమ్మకం ఇలాంటి పొట్టి వైర్ల దగ్గర పుట్టి ఉండాలి.

చెరువు కేబుల్ 100 మీటర్లుంటే కథ మారిపోతుంది. పొడవు పెరిగే కొద్దీ కెపాసిటెన్స్ పెరిగి, ఆ అడ్డు 1.6 లక్షల ఓమ్‌లకు పడిపోతుంది. ఇప్పుడు డిజిటల్ 115, తొమ్మిది కిలో ఓమ్ ముల్లు మీటరు కూడా 115 దగ్గరే, ఆ 1,000 ఓమ్/వోల్ట్ మీటరు సైతం 97. మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి నిజమేనని నమ్మితే మూడుసార్లు మోసపోయినట్టే. ఇలాంటి చోట కావాల్సింది బాగా తినే మీటరు. హోల్డరుకు రెండు వైర్లు తగిలించిన 60 వాట్ల ఫిలమెంటు బల్బు వెలిగినప్పుడు 880 ఓమ్‌లుంటుంది, చల్లగా ఉంటే అందులో పదో వంతు. అది తగిలించగానే 115 వోల్టులు ఒక వోల్టు లోపుకు పడిపోతాయి, బల్బులో వెలుగే రాదు. లో ఇంపెడెన్స్ మోడ్ ఉన్న డిజిటల్ మీటర్లు చేసేదీ ఇదే, ఆ మోడ్‌లో వాటి రెసిస్టెన్స్ కొన్ని వేల ఓమ్‌లే.

ఫిలమెంటు బల్బులు దొరకడం తగ్గాక టెస్ట్ ల్యాంప్‌కు ఎల్‌ఈడీ బల్బు పెట్టేస్తున్నారు. ఈ పనికి అది పూర్తిగా చెడ్డ ఎంపిక. పై కేబుల్‌లో జారే కరెంటు 0.7 మిల్లీ ఆంపియర్లు. దాంతోనే ఎల్‌ఈడీ బల్బు మసకగా వెలగొచ్చు, లేదా టపటపా కొట్టుకోవచ్చు. స్విచ్ ఆపినా రాత్రిపూట ఎల్‌ఈడీ కొద్దిగా వెలుగుతోందని ఇళ్లలో చెప్పే ఫిర్యాదుకు ఒక కారణం ఇదే. అలాగే రెండు ఫేజుల మధ్య 415 ఉంటుందని మర్చిపోయి ఒక్క బల్బు పెడితే అది చేతిలోనే పేలొచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒకే వాట్ల బల్బులు రెండు వరసగా కట్టుకుంటారు.

బల్బు వెలగకపోతే అంతా క్షేమమనీ కాదు. వానాకాలంలో నర్సాపురం, అంతర్వేది వైపు జంక్షన్ బాక్సు తెరిస్తే టెర్మినళ్ల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. ఆ తడి ఉప్పు గుండా ఫేజు నుంచి పక్క టెర్మినల్‌కు 5 లక్షల ఓమ్‌ల దారి ఏర్పడిందనుకుంటే, డిజిటల్ మీటరు 219, ముల్లు మీటరు 188, పాత 1,000 ఓమ్ మీటరు 77 వోల్టులు చూపుతాయి. బల్బు వెలగదు. కానీ ఇది దెయ్యం కాదు, నిజమైన లీకేజీ. ఇవాళ 5 లక్షలున్నది రేపు తడి పెరిగితే 5 వేలు కావచ్చు. మూడు మీటర్లు మూడు రకాలుగా చెబుతున్నాయంటే దారిలో పెద్ద రెసిస్టెన్స్ ఉందని అర్థం. అది కెపాసిటెన్సా, చెడిన ఇన్సులేషనా అన్నది సప్లై తీసేసి మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు) పెడితేనే తేలుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏరియేటర్ మోటారు ఆగి ఉన్నప్పుడు ఒక ఫ్యూజు పోయి ఉంటే, పోయిన ఫేజు టెర్మినల్ దగ్గర మిగతా రెండు ఫేజులు వైండింగ్ గుండా వచ్చి కూర్చుంటాయి. న్యూట్రల్‌తో కొలిస్తే అదీ 115, 120 దగ్గరే! అంకె చూసి ఘోస్ట్ అని కొట్టిపారేస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే దీని వెనక వైండింగ్ తప్ప అడ్డేమీ లేదు. ఇక్కడ బల్బు వెలుగుతుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి ఏరియేటర్ తిరగాల్సిన సమయంలో, టెన్షన్‌లో ఈ తేడా చూసుకునే ఓపిక ఎవరికీ ఉండదు. ఫ్యూజుకు రెండు చివర్లా మీటరు పెడితే తొందరగా తేలిపోతుంది: బాగున్న ఫ్యూజు మీద సున్నా, పోయినదాని మీద వోల్టేజీ.

పీహెచ్ ప్రోబు దగ్గర ఏ మీటరూ చాలదు

రొయ్యల రైతు చేతిలో ఉండే పీహెచ్ మీటరు (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచేది) పనిచేయకపోతే దాని ప్రోబును మల్టీమీటరుతో చూసి, వోల్టేజీ రావడం లేదు, పోయింది అని పారేస్తుంటారు. గాజు ప్రోబు ఒక్కో పీహెచ్‌కు 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీ వోల్టులు ఇస్తుంది. 7 దగ్గర సున్నా. నీటి పీహెచ్ 8 ఉంటే 59 మిల్లీ వోల్టులు రావాలి. కానీ ఆ గాజు పొర రెసిస్టెన్స్ 100 మెగా ఓమ్‌లు అనుకుంటే, 10 మెగా ఓమ్‌ల డిజిటల్ మీటరు చూపేది 5 మిల్లీ వోల్టుల పైచిలుకు. ముల్లు మీటరు ముల్లు అసలు కదలదు. ప్రోబు నిక్షేపంగా ఉండొచ్చు. పీహెచ్ మీటరు లోపలి ఆంప్లిఫయర్ రెసిస్టెన్స్ దీనికంటే కొన్ని వేల రెట్లు ఎక్కువ కాబట్టే అది చదవగలుగుతుంది. ప్రోబును పరీక్షించాలంటే పీహెచ్ 7, పీహెచ్ 4 బఫర్ ద్రావణాల్లో ముంచి దాని సొంత మీటరులోనే చూడాలి.

ఎక్కువ సెన్సిటివిటీకి కట్టే ధర

1923లో బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజినీరు డొనాల్డ్ మకాడీ చేతుల మీదుగా అవోమీటరు అనే ముల్లు మల్టీమీటరు వచ్చింది. ఆ వరసలో పేరు మోసిన మోడల్ 8 డీసీకి 20,000 ఓమ్/వోల్ట్ దగ్గర నిలిచింది, మామూలు సర్వీసు మీటర్లూ చాలావరకు అక్కడే ఆగాయి. అంతకంటే పైకి ఎందుకు వెళ్లలేదంటే తక్కువ కరెంటుకు లేవాలంటే కాయిల్‌కు వెంట్రుక కంటే సన్నటి తీగ ఎక్కువ చుట్లు చుట్టాలి, స్ప్రింగులు ఇంకా మెత్తగా ఉండాలి. తిప్పే బలం తగ్గే కొద్దీ బేరింగులో కాస్త దుమ్ము పడినా ముల్లు ఒకచోట అతుక్కుపోతుంది. కాలువ గట్ల గుంతల్లో బండి మీద ఊగుతూ తిరిగే మెకానిక్‌కు లక్ష ఓమ్/వోల్ట్ మీటరు ఎన్నాళ్లో నిలవదు. బోర్డులు బాగుచేసేవాడికి 20 కిలో ఓమ్ ముల్లు మీటరో, డిజిటలో ఉండాల్సిందే. మోటార్లు, లైన్లు మాత్రమే చూసేవాడికి వోల్టేజీ కొలవడానికి ఏ మీటరైనా సరిపోతుంది, పక్కన రెండు ఫిలమెంటు బల్బులు ఉంటే చాలు.

ముల్లు మీటరు వాడేవాళ్లు పాటించాల్సిన చిన్న జాగ్రత్త ఒకటుంది. కొన్ని మీటర్లలో ఆఫ్ లేదా ట్రాన్సిట్ అనే స్థానం ఉంటుంది. అక్కడ పెడితే కాయిల్ రెండు చివర్లూ లోపల కలిసిపోతాయి. కుదుపుకు కాయిల్ ఊగితే అందులో పుట్టే కరెంటే దానికి బ్రేకు వేస్తుంది, ముల్లు అటూ ఇటూ కొట్టుకోదు. ఆ స్థానం లేని మీటరును ఓమ్స్ రేంజిలో వదలకుండా పెద్ద ఏసీ వోల్టేజీ రేంజికి తిప్పి పెట్టాలి. ఉప్పుగాలి ఊళ్లలో వాడకం లేని నెలల్లో లోపలి సెల్‌లు కూడా తీసేయాలి, లేకపోతే అవి కారి సెల్ పెట్టే చోట రేకు తుప్పు పట్టిపోతుంది.